గ్రౌండ్ ముచ్చట్లు: "ఇండియాకు ఆడినవా?" అంటే ఏం చెప్పాలి?

(పాఠకుల ప్రశ్నలకు నల్లగొండ నుంచి ఒక రిటైర్డ్ పీఈటీ సార్ జవాబులు)

ప్రశ్న: చలికాలపు ఒలింపిక్స్‌లో స్కీ జంపింగ్ చూశాను సార్. అంత పైనుంచి దూకితే కాళ్లు విరగవా?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, మక్తల్

జవాబు: విరగవు బిడ్డా, ఎందుకంటే వాళ్లు దిగేది చదును నేల మీద కాదు, బాగా కిందికి వంగి ఉండే వాలు మీద. మన లతీఫ్ సాబ్ గుట్ట వాలు వెంబడే గాల్లో జారుతూ పోయినట్టు ఊహించుకో. టీవీలో చాలా ఎత్తులో ఎగురుతున్నట్టు కనిపిస్తారు కానీ కింది మంచు వాళ్లకు కొన్ని మీటర్ల దూరంలోనే ఉంటుంది. దిగేటప్పుడు కూడా వాలు దిశలోనే దిగుతారు కాబట్టి దెబ్బ నేరుగా కాళ్లకు తగలదు. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో దూకి 120, 130 మీటర్లు పోతారు. స్కీలను, అంటే కాళ్లకు కట్టుకునే పొడవాటి పలకలను, ముందువైపు విడదీసి పట్టుకోవడం చూశావు కదా, అది స్వీడన్ ఆటగాడు యాన్ బోక్లోవ్ వల్ల పేరుకొచ్చింది. మొదట్లో జడ్జిలు ఆ పద్ధతికి మార్కులు కోసేశారు, అయినా అతను 1988-89 వరల్డ్ కప్ గెలిచాడు. తర్వాత అందరూ అదే నేర్చుకున్నారు.

ప్రశ్న: సార్, మాది దేవరకొండ దగ్గర పల్లె. కబడ్డీలో లెఫ్ట్ కార్నర్ ఆడేదాన్ని, ఇండియా క్యాంపు దాకా వెళ్లాను. రోజూ మాలో ఏడుగురిని ఎదురు జట్టుగా నిలబెట్టి మెయిన్ టీమ్‌తో ఆడించేవాళ్లు. నెలన్నర తర్వాత మోకాలు బాగాలేదని చివరి లిస్టులో నా పేరు తీసేశారు. జట్టు వెళ్లి మెడల్ తెచ్చింది. నాతో ఒకే గదిలో ఉన్నవాళ్లకు సన్మానాలు, ఉద్యోగాలు. నా దగ్గర క్యాంపు లెటర్ ఒక్కటే ఉంది. ఇప్పుడు నాకు 38 ఏళ్లు, కుట్టు మిషన్ నడుపుకుంటున్నాను. మొన్న మా బిడ్డ బడిలో "మా అమ్మ ఇండియాకు ఆడింది" అని చెప్పి వచ్చింది. ఆడాను అనలేక, ఆడలేదు అనలేక ఊరుకున్నాను. ఏం చెప్పాలి?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, 'ఎదురు జట్టు' అన్న మీ మాట దగ్గరే నేను ఆగిపోయాను. పైన ఆ పిల్లవాడు అడిగిన ఆటలోనే మీలాంటి మనిషి ఒకాయన ఉన్నాడు, ఆయన సంగతి చెప్తాను.

పేరు జిన్యా నిషికాత, జపాన్ ఆటగాడు. 1994లో నార్వేలోని లిల్లెహామర్ ఒలింపిక్స్‌లో జట్టు పోటీకి దిగిన నలుగురిలో ఒకడు. చివరి జంప్ ఒక్కటి మిగిలేసరికి బంగారం దాదాపు చేతిలోకి వచ్చేసింది. మామూలుగా దూకితే చాలు. ఆ జంప్ మసాహికో హరాడాది, 97.5 మీటర్ల దగ్గరే ఆగిపోయింది. జర్మనీకి బంగారం, వీళ్లకు వెండి.

నాలుగేళ్లకు, 1998లో, ఒలింపిక్స్ నిషికాత సొంత ప్రాంతం నాగానోకే వచ్చాయి. కానీ గాయాల వల్ల ఆయనకు జట్టులో చోటు దొరకలేదు. హరాడాకు దొరికింది. నిషికాతకు ఇచ్చిన పని టెస్ట్ జంపర్. అంటే పోటీకి ముందు దూకి దారిలో మంచును గట్టిపరచాలి, గాలి ఎలా ఉందో తేల్చాలి. వీళ్లకు మార్కులు ఉండవు, మెడల్ ఉండదు, ఫలితాల పట్టికలో పేరు కూడా ఉండదు. సొంత ప్రాంతపు జనం ముందు ఆ పని చేయడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఫిబ్రవరి 17, జట్టు పోటీ. మంచు విపరీతంగా కురుస్తోంది. కొత్త మంచు పడితే జారే దారి అంటుకుపోయి వేగం తగ్గుతుంది. ఆ మంచులో హరాడా మళ్లీ 79.5 మీటర్లకే దిగిపోయాడు. మొదటి రౌండ్ అయ్యేసరికి జపాన్ నాలుగో స్థానం, పోటీ ఆపేశారు. రెండో రౌండ్ రద్దయితే ఆ నాలుగో స్థానమే ఖాయం. నిర్వహించవచ్చా లేదా అన్నది తేలాలంటే ముందు టెస్ట్ జంపర్లు క్షేమంగా దూకి చూపించాలి. ఇరవై ఐదుగురు, ఆ మంచులో, ఒకరి తర్వాత ఒకరు దూకారు. అందులో ఒక హైస్కూల్ అమ్మాయి కూడా ఉంది, అప్పటికి ఆడవాళ్లకు ఒలింపిక్స్‌లో ఈ ఆటే లేదు (2014లో గానీ పెట్టలేదు). నిషికాత కూడా దూకాడు. ఒక్కరూ పడలేదు. రెండో రౌండ్ మొదలైంది, హరాడా 137 మీటర్లు దూకాడు, జపాన్‌కు బంగారం వచ్చింది. ఆ రోజు హరాడా లోపల వేసుకున్నది నిషికాత దగ్గర అడిగి తీసుకున్న బనియను.

మీరు చేసింది ఇదే పని కదమ్మా. మెయిన్ టీమ్ రైడర్‌కు మడమ దగ్గర పడే పట్టు నుంచి ఎలా తప్పించుకోవాలో నెలన్నర పాటు నేర్పింది ఎవరు? మీరు మెత్తగా పట్టి వదిలేసి ఉంటే ఆ అమ్మాయి అక్కడ దొరికిపోయేది. నేను స్టేట్ మీట్ దాటి వెళ్లలేదు గానీ ముప్పై ఏళ్లు పిల్లలతో కబడ్డీ ఆడించాను, ప్రాక్టీసులో ఎదురు జట్టు గట్టిగా లేకపోతే ఏ జట్టూ పైకి రాదని నాకు బాగా తెలుసు.

ఉద్యోగం విషయంలో మీకు ఓదార్పు మాటలు చెప్పను. అది అన్యాయమే. నెలన్నర క్యాంపులో మోకాళ్లు అరగదీసుకున్న పిల్లల పేర్లు ఎక్కడా కనబడకపోతే నాకు కోపం వస్తుంది. అందుకే ముందు ఆ క్యాంపు లెటర్‌ను లామినేషన్ చేయించండి. ఆ ఏడుగురి పేర్లు, ఎవరు ఏ పొజిషన్‌లో ఆడారో ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టండి, మర్చిపోకముందే. రూమ్మేట్లలో ఒక్కరి ఫోన్ నంబరైనా ఉంటే ఫోన్ చేయండి. సన్మానాలు చూసి మీరే దూరం జరిగారేమో అని నా అనుమానం, వాళ్లకు మాత్రం మీ పట్టు గుర్తుండే ఉంటుంది.

ఇక బిడ్డకు అబద్ధం వద్దు, చిన్నబుచ్చుకోవడమూ వద్దు. "మెడల్ తెచ్చిన టీమ్ రోజూ నాతో ఆడి నేర్చుకుంది, మ్యాచ్‌కు మాత్రం నన్ను తీసుకుపోలేదు" అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఎలా పట్టేదానివమ్మా అని అడుగుతుంది చూడండి, అప్పుడు మోకాలు జాగ్రత్తగా చూసుకుని వాకిట్లోనే ఒకసారి పట్టి చూపించండి.