తమ్ముడి కాలికి మద్యం పట్టీ కట్టించవచ్చా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది మదనపల్లె. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మాతోనే ఉండే మా తమ్ముడు తాగి కారు నడిపి, ఇందిరానగర్‌లో పట్టుబడి కోర్టులో ఫైన్ కట్టాడు. ఇప్పుడు మళ్లీ దొరికాడు. డల్లాస్‌లో ఉన్న మా పెదనాన్న కొడుక్కి ఇలాంటి కేసులోనే కోర్టువాళ్లు కాలికి ఒక మెషీన్ కట్టించారు. తాగితే తెలిసిపోతుందట. జడ్జి గారిని అడిగి మావాడికీ అలాంటిది కట్టించవచ్చా? పోనీ మేమే కొని కట్టొచ్చా?
– పేరు వేయొద్దు, మారతహళ్లి

జవాబు: అమ్మా, ఈ కేసుల్లో నా దగ్గరికొచ్చే అక్కచెల్లెళ్లు ఎలా తప్పించాలని అడుగుతారు. ఎలా కట్టేయాలని అడిగింది మీరే.

ఆ పట్టీ కిటుకు చెమటలో ఉంది. తాగిన మద్యంలో నూటికి ఒక వంతు దాకా చర్మం మీదుగా ఆవిరై పోతుంది. అమెరికాలో ఎక్కువగా వాడే స్క్రామ్ పట్టీ అరగంటకోసారి ఆ ఆవిరిని పరీక్షిస్తుంది. శానిటైజర్ వాసన తగిలితే రీడింగ్ చటుక్కున లేచి పడిపోతుంది. తాగితే మెల్లగా ఎక్కి, గంటల తరబడి దిగుతుంది. అయితే ఆ పట్టీ కారును ఆపలేదు. చెమటలోకి వచ్చేసరికే ఆలస్యమవుతుంది కాబట్టి, దానికి తెలిసేలోపు మనిషి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేసి ఉంటాడు. బండిని ఆపేది ఇగ్నిషన్ ఇంటర్‌లాక్ అనే వేరే పరికరం. గొట్టంలోకి ఊది, మద్యం లేదని తేలితేనే ఇంజిన్ స్టార్టవుతుంది.

మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం దాటితే నేరం. రెండోసారైతే రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అందులో పట్టీ ఊసే లేదు. జమ్మూకశ్మీర్‌లో 2023లో బెయిల్ మీద వచ్చిన ఒక నిందితుడికి జీపీఎస్ పట్టీ కట్టారు గానీ అది మనిషి ఎక్కడున్నాడో చెప్పేది, తాగాడో లేదో కాదు. పైగా నిందితుడి కదలికల మీద పోలీసులు నిరంతరం కన్నేసేలా బెయిల్ షరతు పెట్టడం కుదరదని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. మీ కోరిక మెజిస్ట్రేట్ ముందు నిలవదనే నా అభిప్రాయం.

ఇక సొంతంగా కొనడం. అమెరికాలోని సౌత్ డకోటాలో 2005లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. కేసున్నవాళ్లు పొద్దున, సాయంత్రం వచ్చి ఊదాలి. రోజూ రాలేనివాళ్లకు పట్టీ. తాగినట్టు తేలితే వెంటనే ఒకటి రెండు రోజులు జైలు. శిక్ష చిన్నదే, కానీ తప్పదు. మళ్లీ మళ్లీ దొరికేవాళ్ల అరెస్టులు 12 శాతం తగ్గాయని రాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థవాళ్లు 2013లో లెక్క తేల్చారు. మీ ఇంట్లో పట్టీ మోగితే మీరేం చేస్తారు? అన్నం పెట్టడం మానేస్తారా?

మీ చేతిలో ఉన్నది కారు తాళం. ఆ కారు ఎవరి పేర ఉంది? మీ ఆయన పేర ఉంటే ఇంకా జాగ్రత్త. తాగి ఉన్నాడని తెలిసీ తాళం ఇస్తే, నేరానికి తోడ్పడ్డారని 188వ సెక్షన్ కింద మీ మీదికీ రావచ్చు. రాత్రే కాదు, పొద్దున కూడా ఇవ్వకండి. రక్తంలో మద్యం గంటకు 15 నుంచి 20 మిల్లీగ్రాములే తగ్గుతుంది. రాత్రి ఒంటిగంటకు 150 ఉంటే ఏడింటికి 60 దాకా మిగలొచ్చు. మజ్జిగ తాగాను, కాఫీ తాగాను అంటాడు, వినకండి.

వాయిదాకు వకీలు లేకుండా పంపొద్దు. ఈలోగా హోసూరు రోడ్డు నిమ్హాన్స్‌లోని వ్యసన చికిత్స విభాగంలో చూపించండి. తనంతట తానే చికిత్సకు వెళ్తున్నాడని ఆ కాగితాలు చూపిస్తే, శిక్ష ఖరారు చేసేటప్పుడు వకీలుకు మాట్లాడటానికి ఆధారం ఉంటుంది. రానని మొండికేస్తే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి మీరే ఫోన్ చేయండి. అతనికి తెలియకుండా సాంబారులో తాగుడు మాన్పించే మాత్ర కలపమని చెప్పేవాళ్లు మీ అపార్ట్‌మెంట్‌లోనే ఉంటారు. ఆ పని మాత్రం చేయకండి. ఆ మాత్ర మీద మద్యం పడితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.