టౌన్స్ వాన్ జాంట్ డాక్యుమెంటరీ: ఇంట్లో తాగే మనిషి ఉన్నవాళ్ళు చూడొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. కంట్రీ అనే అమెరికన్ జానపద శైలిలో పాడిన గాయకుడు, పాటల రచయిత, తాగుడికి బానిసైన టౌన్స్ వాన్ జాంట్ మీద మార్గరెట్ బ్రౌన్ తీసిన 'బీ హియర్ టు లవ్ మీ' (2004) చూడాలని ఉంది. కానీ మీ నాన్నగారు తాగుతారు. తాగుడుని గొప్పగా చూపించే సినిమా అయితే తట్టుకోలేనని మీ భయం.

చూడండి. అలాంటి సినిమా కాదు. కొంతసేపు అలాగే అనిపిస్తుంది, అక్కడ మాత్రం ఆపేయకండి.

అలా అనిపించడానికి కారణం ఆయన జీవితమే. 1944లో టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో, బాగా ఉన్న కుటుంబంలో పుట్టాడు. ఆ రాష్ట్రంలో ఒక కౌంటీకి వాళ్ళ ఇంటిపేరే ఉంది. కొలరాడోలో చదువుకునే రోజుల్లో, నాలుగో అంతస్తు బాల్కనీ అంచున కూర్చుని, కింద పడిపోతే ఎలా ఉంటుందో చూద్దామని కావాలనే వెనక్కి వాలి పడ్డాడు. బతికాడు. ఇలాంటి కథలు ఆయన మీద బోలెడు. స్నేహితులు వాటిని చెప్పుకుని నవ్వుకుంటారు, వినేవాళ్ళకీ నవ్వొస్తుంది. సినిమాలో గై క్లార్క్, స్టీవ్ ఎర్ల్ లాంటి తోటి పాటగాళ్ళు ఆయన గురించి మాట్లాడుతుంటే, ఎంత ప్రేమించారో వాళ్ళ గొంతులోనే తెలుస్తుంది.

ఆ ప్రేమ నిజమే. కానీ అది ఇంటి బయటి ప్రేమ.

నేనిలా ఎందుకంటున్నానంటే, మా మేనమామ ఒకాయన పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించేవాడు. తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన పేరు తెలియని నాటకం వాళ్ళు లేరు. తాగేవాడు. హార్మోనియం తాకట్టులో ఉండేది, నాటకం ఉందంటే కాంట్రాక్టరే డబ్బు కట్టి విడిపించి తెచ్చేవాడు. ఊళ్ళో అందరికీ అదొక తమాషా కథ. ఇంట్లో మా అత్తకి మాత్రం, సైకిల్ స్టాండు వేసిన చప్పుడుని బట్టే ఆ రాత్రి ఎలా ఉండబోతోందో తెలిసిపోయేది. సెలవులకి వెళ్ళినప్పుడు చూసేదాన్ని. గేటు దగ్గర చప్పుడు అవగానే చదువుకుంటున్న మా బావ పుస్తకం మూసేసేవాడు. మామయ్య పోయినప్పుడు వచ్చినవాళ్ళందరూ "ఎంత సరదా మనిషో" అంటుంటే, బావ లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

అందుకే ఈ సినిమాలో నాకు బాగా పట్టింది కుటుంబం మాట్లాడే చోట్లు. ఆయన భార్యలు మాట్లాడతారు. పెద్ద కొడుకు జేటీ మాట్లాడతాడు. తండ్రి పాటల గొప్పతనం తెలిసినవాడే, అయినా తండ్రి లేకుండా పెరిగిన పిల్లవాడి మాటే ఆ మాట. దర్శకురాలు ఎవరి పక్షమూ పట్టదు. స్నేహితుల కథలకి ఎంత విలువిచ్చిందో వీళ్ళ మాటలకీ అంతే ఇచ్చింది. కళాకారుల మీద వచ్చే సినిమాల్లో ఇంటివాళ్ళు మామూలుగా ఏడవడానికే కనిపిస్తారు. ఇక్కడ వాళ్ళు సాక్షులు. మీకు కష్టంగా ఉండేదీ ఇక్కడే, ఉపయోగపడేదీ ఇక్కడే.

ముందే తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. 1964లో తల్లిదండ్రులు ఆయన్ని గాల్వెస్టన్‌లో ఆసుపత్రిలో చేర్చి అప్పట్లో మానసిక జబ్బులకి ఇచ్చే ఇన్సులిన్ షాక్ చికిత్స చేయించారు. ఇన్సులిన్ ఎక్కించి రక్తంలో చక్కెర పడిపోయేలా చేసి, మనిషిని కోమాలోకి పంపి, మళ్ళీ గ్లూకోజ్ ఇచ్చి లేపేవారు. అదీ ఒక్కసారి కాదు, నెలల తరబడి. దాంతో చిన్ననాటి జ్ఞాపకాలు చాలావరకు పోయాయి. మంచికే అనుకుని చేసిన పని అది. తల్లి జీవితాంతం దానికి బాధపడిందని మొదటి భార్య చెప్పింది. మా అమ్మమ్మ కూడా కొడుకు తాగుడు మాన్పించాలని ఎవరేం చెబితే అది చేసింది, పసరు మందులతో సహా. ఆ తల్లి గురించి వింటుంటే నాకు అమ్మమ్మే గుర్తొచ్చింది.

పాటల విషయానికొస్తే, విల్లీ నెల్సన్, మెర్ల్ హాగర్డ్ కలిసి పాడిన 'పాంచో అండ్ లెఫ్టీ' 1983లో కంట్రీ చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్ళింది. రాసింది ఈయనే. సొంత రికార్డులు మాత్రం ఎప్పుడూ పెద్దగా అమ్ముడుపోలేదు.

చివరి భాగానికి కాస్త గుండె దిటవు చేసుకోండి. 1996 డిసెంబరులో మెంఫిస్‌లో కొత్త ఆల్బమ్ రికార్డింగుకి, తుంటి దెబ్బతో వీల్‌చెయిర్‌లో వచ్చాడు. పని సాగలేదు. తర్వాత తుంటికి ఆపరేషన్ అయింది. అక్కడే ఉండాలని డాక్టర్లు చెప్పినా, తాగుడు ఒక్కసారిగా ఆగిపోతే ఏమవుతుందోనన్న భయంతో ఇంటికి తీసుకొచ్చేశారు. 1997 జనవరి 1న పోయాడు, 52 ఏళ్ళకే. ఆయన ఆరాధించిన కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ పోయిందీ జనవరి 1నే, 1953లో. అభిమానులు ఈ తేదీల కలయికని తలరాతలా చెప్పుకుంటారు. నాకది నచ్చదు. స్టీవ్ ఎర్ల్ ఈయన మీద ప్రేమతో కొడుకుకి జస్టిన్ టౌన్స్ అని పేరు పెట్టాడు. ఆ అబ్బాయీ మంచి గాయకుడయ్యాడు, 2020లో 38 ఏళ్ళకి డ్రగ్స్ ఓవర్‌డోస్‌తో పోయాడు. ఇదంతా రాత అని సరిపెట్టుకోవడం నావల్ల కాదు. ఇది జబ్బు.

మీ నాన్నగారి సంగతి కూడా రాశారు కాబట్టి ఒక మాట. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాళ్ళు ఉన్నట్టుండి మానేస్తే వణుకు, ఫిట్స్, లేనివి కనపడటం లాంటివి రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. మాన్పించాలనుకుంటే డాక్టరు చూస్తుండగానే చేయించండి. ప్రభుత్వం వారి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడొచ్చు, ఇంట్లోవాళ్ళు కూడా ఫోన్ చేయొచ్చు. మా అత్తకి ఆ రోజుల్లో ఇలాంటి దారేదీ లేదు.

సినిమా ఒక్కరే కూర్చుని రాత్రిపూట చూడకండి, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోండి. అంతకుముందు 1973లో హ్యూస్టన్‌లోని ఓల్డ్ క్వార్టర్ అనే చిన్న క్లబ్బులో ఆయన ఒక్కడే గిటార్‌తో పాడిన లైవ్ రికార్డు వినండి. సినిమాలో అందరూ ఎవరిని పోగొట్టుకున్నామని బాధపడుతున్నారో అందులో తెలుస్తుంది. అది నచ్చితే, 1970ల మధ్యలో చిత్రీకరించిన 'హార్ట్‌వోర్న్ హైవేస్' అనే డాక్యుమెంటరీ కూడా చూడండి. అందులో ఆస్టిన్‌లో ఒక ఇంట్లో ఆయన పాడుతుంటే, పక్కనే ఉన్న సేమోర్ వాషింగ్టన్ అనే ముసలి కమ్మరి చెంపల మీద కన్నీళ్ళు కారుతుంటాయి. ఆ ఒక్క సీను కోసమైనా చూడొచ్చు.