తొలగించిన మర్నాడే తిరిగి వచ్చే ట్రోజన్

ప్రశ్న: చిక్కడపల్లిలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. రెండు నెలల క్రితం తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఇంటర్నెట్‌లో దొరికిన క్రాక్‌తో (డబ్బు కట్టకుండా సాఫ్ట్‌వేర్‌ను నడిపించే దొంగ ఫైలుతో) వేసుకున్నాను. అప్పటినుంచి కంప్యూటర్‌ను ఖాళీగా వదిలేసినా ఫ్యాన్ హోరెత్తుతోంది. నడుస్తున్న ప్రోగ్రామ్‌లను చూపే టాస్క్ మేనేజర్ తెరవగానే ఆ హోరు నెమ్మదిస్తోంది. విండోస్‌తో పాటు వచ్చిన యాంటీవైరస్ ఒకసారి ట్రోజన్ ఉందని చెప్పి తొలగించింది. మర్నాడు మళ్లీ అదే హోరు. ఇప్పుడు స్కాన్ చేస్తే ఏమీ లేదని చూపిస్తోంది. కస్టమర్ల ఆధార్ కాపీలు, నా బ్యాంకు లావాదేవీలు అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, చిక్కడపల్లి, హైదరాబాద్

జవాబు: ఫ్యాన్ సంగతి మీరు బాగా గమనించారు. మీ కంప్యూటర్ శక్తిని దొంగచాటుగా వాడుకుని క్రిప్టో కరెన్సీ సంపాదించే ట్రోజన్లలో కొన్ని, టాస్క్ మేనేజర్ తెరుచుకోగానే పని ఆపేసి, మూసిన తర్వాత మళ్లీ మొదలుపెడతాయి. అయితే విండోస్ కూడా తన సొంత నిర్వహణ పనులను తీరిక వేళల్లో చేసుకుంటుంది, మనం మౌస్ కదపగానే వాటిని ఆపుతుంది కాబట్టి, ఈ ఒక్క లక్షణాన్ని బట్టి నిర్ధారణకు రాలేం. మీ విషయంలో క్రాక్ వేసుకోవడం, ట్రోజన్ ఒకసారి పట్టుబడటం, మర్నాడు అదే హోరు తిరిగి రావడం కలిశాయి కనుక అనుమానం బలంగానే ఉంది.

ట్రోజన్ వైరస్‌లా తనంతట తాను వ్యాపించదు. పనికొచ్చే ప్రోగ్రామ్ వేషంలో వచ్చి, మన చేతే తనను నడిపించుకుంటుంది. క్రాక్‌తో పాటు వచ్చే సూచనల్లో 'ముందుగా యాంటీవైరస్ ఆపండి' అని ఉండటం, ఆ తర్వాత విండోస్ అనుమతి అడిగినప్పుడు మనం 'యెస్' నొక్కడం మామూలే. ఆ ఒక్క నొక్కుతో దానికి అడ్మినిస్ట్రేటర్ అధికారం దక్కుతుంది. దాంతో అది చేసే మొదటి పనుల్లో ఒకటి, యాంటీవైరస్ చూడకుండా వదిలేయాల్సిన ఫోల్డర్ల జాబితాలో తన చోటును చేర్చుకోవడం. తర్వాత ప్రతిసారీ తనను లేపడానికి, విండోస్ దానంతటదే ప్రోగ్రామ్‌లను మొదలుపెట్టే చోట్లయిన టాస్క్ షెడ్యూలర్‌లోనో, సర్వీసుల్లోనో, రిజిస్ట్రీలోనో ఒక ఏర్పాటు చేసుకుంటుంది. మీ యాంటీవైరస్ ఫైలును తొలగించినా ఈ ఏర్పాటు మిగిలిపోయి ఉంటే, అది ఇంటర్నెట్ నుంచి కొత్త ఫైలును తెచ్చుకుంటుంది. ఈసారి ఆ ఫైలు మినహాయించిన ఫోల్డర్‌లో కూర్చుంటే స్కాన్‌కు అసలు కనిపించదు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. రూట్‌కిట్ అనే రకం తోడైనప్పుడు ఇక్కడా అదే జరుగుతుంది. యాంటీవైరస్ 'ఈ ఫోల్డర్‌లో ఏమేం ఉన్నాయి' అని విండోస్‌ను అడిగితే, ఆ జవాబునే రూట్‌కిట్ మార్చి తన పేరు దాచేస్తుంది. అందుకే ఆ విండోస్ నడవని స్థితిలో, బయటినుంచి పరీక్షించాలి.

స్కాన్ కన్నా ముందు, ఇప్పుడే ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీసేయండి. మీ ఫోన్ నుంచి గానీ, శుభ్రంగా ఉందని నమ్మకమున్న మరో కంప్యూటర్ నుంచి గానీ మొదట ఈమెయిల్, తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి. పాస్‌వర్డ్ మార్చడంతోనే ఆగవద్దు. మీరు లాగిన్ అయి ఉన్నారని గుర్తుపెట్టుకోవడానికి బ్రౌజర్‌లో ఉండే కుకీలను దొంగిలించిన వారు పాస్‌వర్డ్ లేకుండానే మీ ఖాతాలోకి రాగలరు కాబట్టి, అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేసి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి. ఈ పనిని ఆ కంప్యూటర్‌లోనే కూర్చుని చేస్తే కొత్త పాస్‌వర్డ్‌ను కూడా దొంగ చేతికి ఇచ్చినట్టే.

తర్వాత విండోస్ సెక్యూరిటీలో 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్' సెట్టింగ్స్ తెరిచి, 'ఎక్స్‌క్లూజన్స్' (మినహాయింపులు) జాబితా చూడండి. మీరు చేర్చనివి ఏమున్నా తీసేయండి. కొన్నిసార్లు ట్రోజన్లు సి డ్రైవ్ మొత్తాన్ని అక్కడ చేర్చి ఉంచుతాయి. ఆపైన 'స్కాన్ ఆప్షన్స్'లో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, మామూలు విండోస్ మొదలు కాకముందే సుమారు 15 నిమిషాలు పరీక్షిస్తుంది. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఆటోరన్స్ అనే సాధనాన్ని వేరే కంప్యూటర్‌లో దించుకుని తెచ్చి నడిపితే, విండోస్‌తో పాటు మొదలయ్యేవన్నీ ఒకేచోట కనబడతాయి. మైక్రోసాఫ్ట్‌వి దాచి, మిగిలిన వాటిలో ప్రచురణకర్త పేరు లేనివాటిని జాగ్రత్తగా పరిశీలించండి.

ఇంత చెప్పాక కూడా నా సలహా వేరు. ఇతరుల ఆధార్ కాపీలు ఉన్న కంప్యూటర్ విషయంలో 'పోయినట్టే ఉంది' అనే ధీమా సరిపోదు. పత్రాలు, ఫొటోలు, డిజైన్ ఫైళ్లు మాత్రమే కాపీ చేసుకుని, డిస్క్ మొత్తం తుడిచి, వేరే కంప్యూటర్‌లో తయారుచేసిన పెన్‌డ్రైవ్‌తో విండోస్‌ను కొత్తగా వేసుకోండి. ఇంకా విండోస్ 10 వాడుతుంటే, దానికి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, వీలైతే 11కు మారండి. ఖాతాలో డబ్బు పోయినట్టు కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పని పూర్తయిన కస్టమర్ల ఆధార్ కాపీలను కొత్త కంప్యూటర్‌లోకి తీసుకెళ్లవద్దు.

ప్రశ్న: ఇలాంటి ట్రోజన్ వల్లే నా ల్యాప్‌టాప్‌ను ఫార్మాట్ చేయించాను. రెండు వారాలకే మళ్లీ వచ్చింది. వైరస్ బయాస్‌లో (మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉండి, కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్‌లో) చేరిందని, మదర్‌బోర్డు మార్చాలని రిపేరు షాపులో అంటున్నారు. నిజమేనా?
— ఒక విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: అలాంటివి లేకపోలేదు. 2018లో బయటపడిన లోజాక్స్ అనే రూట్‌కిట్ మదర్‌బోర్డు మీది చిప్‌లోనే దాక్కుంది. కానీ దాన్ని ప్రభుత్వ సంస్థల మీద గురిపెట్టారు. విద్యార్థుల ల్యాప్‌టాప్‌లలో ఇలాంటిది ఉండటం చాలా అరుదు. మీ షాపులో సి డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేసి డి డ్రైవ్‌ను అలాగే వదిలేశారేమో అడగండి. ఫార్మాట్ అయిన రోజున మీరు పాత పెన్‌డ్రైవ్ నుంచి ఏ సెటప్ ఫైళ్లు వేసుకున్నారో, బ్రౌజర్‌లో సైన్ ఇన్ అవగానే పాత ఎక్స్‌టెన్షన్లు తిరిగి వచ్చాయేమో గుర్తు చేసుకోండి. మదర్‌బోర్డుకు డబ్బు కట్టే ముందు, అన్ని డ్రైవ్‌లనూ తుడిచి విండోస్ వేయించుకుని, ఆ పెన్‌డ్రైవ్‌ను పెట్టకుండా నెల రోజులు వాడి చూడండి.