మావగారు పెట్టిన వాచీ మీద గీతలు: పాలిష్ చేయించాలా, అమ్మేయాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నంలో గాజువాక. 2019లో పెళ్లికి మా మావగారు ఒమేగా సీమాస్టర్ వాచీ పెట్టారు. అప్పట్లోనే నాలుగు లక్షల పైచిలుకు. రోజూ పెట్టుకుంటాను, అదే చేతికి స్టీలు కడియం కూడా ఉంది. కేసు (వాచీ బయటి స్టీలు బాడీ), చైను, లాకు అన్నీ గీతలే. మొన్న పిల్లల్ని రుషికొండ బీచ్‌కి తీసుకెళ్లొచ్చాక ఇంకా ఎక్కువయ్యాయి. జగదాంబ దగ్గర ఒకాయన ఆరు వేలిస్తే కొత్తదానిలా చేస్తానంటున్నాడు. కంపెనీ సర్వీసుకైతే 75 వేలట. మా బావమరిదేమో దీన్ని రెండున్నర లక్షలకు ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసి, మిగతాది ఈఎంఐ పెట్టి పదకొండు లక్షల వాచీ తీసుకో అంటున్నాడు. ఇంటి లోను నడుస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ఆరు వేల సంగతి చూద్దాం. మీరు చౌక అనుకుంటున్న దారి అదే కాబట్టి.

పాలిష్ అంటే గీతను పూడ్చడం కాదు. గీత ఎంత లోతుందో, దాని చుట్టూ ఉన్న స్టీలంతా అంత లోతుకి అరగదీయడం. ఒకసారి వాచీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, చైను కేసుకి తగిలే ఆ నాలుగు కొమ్ములు చూడండి. కొంత భాగం మాట్‌గా, అంటే మెరుపు లేకుండా, కొంత భాగం అద్దంలా ఉంటుంది. రెండూ కలిసేచోట కత్తి అంచులా ఒక గీటు కనిపిస్తుంది. గోరు పెట్టి లాగితే తగులుతుంది కూడా. పాలిష్ చక్రం తిరిగే బఫింగ్ మిషన్ మీద పెడితే ముందుగా పోయేది ఆ అంచే. మాట్, మెరుపు రెండూ ఏకమైపోయి, కొమ్ములు అరిగిన సబ్బుబిళ్లలా గుండ్రంగా తయారవుతాయి. ఇంటికి తెచ్చిన రోజు తళతళలాడుతుంది, ఇంట్లోవాళ్లు బాగుందంటారు. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాడు మాత్రం భూతద్దం పెట్టి వెతికేది ఆ అంచునే. మామూలు గీతలుంటే వాడిన వాచీ అనుకుంటాడు. అంచు పోయిందంటే బేరం అక్కడే పడిపోతుంది. పోయిన లోహం మళ్లీ రాదు మరి. కాబట్టి ఆరు వేలూ ఖర్చు, ఆ తర్వాత తగ్గే రేటూ ఖర్చే.

టూత్‌పేస్ట్ చిట్కా కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మా నాన్న తన హెచ్ఎంటీ వాచీ అద్దాన్ని పేస్టు పెట్టి గుడ్డతో రుద్దేవారు. పది నిమిషాల్లో తేటగా వచ్చేసేది. అది ప్లాస్టిక్ లాంటి అక్రిలిక్ అద్దం, మెత్తన, అందుకే కుదిరింది. మీదాని అద్దం సఫైర్. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద దానికి 9, వజ్రానికి 10. ఇసుకలోని క్వార్ట్జ్‌కి 7. కాబట్టి బీచ్ ఇసుక అద్దాన్ని ఏమీ చేయలేదు గానీ స్టీలుని శుభ్రంగా గీసేస్తుంది. పైగా మన భీమిలి తీరపు ఇసుకలో గార్నెట్ కూడా కలిసి ఉంటుంది. రుషికొండ నుంచి రాగానే జేబురుమాలుతో తుడిచారా? తుడిస్తే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. కీ బిగించి ఉందో లేదో చూసుకుని, ముందు కుళాయి నీళ్ల కింద ఉప్పూ ఇసుకా పోయేలా కడగాలి. తుడవడం ఆ తర్వాతే, అదీ మెత్తటి గుడ్డతో. దీనికి రూపాయి ఖర్చు లేదు.

ఇక 75 వేలు. ఇందులో ఎక్కువ భాగం గీతల కోసం కాదు. వాచీ లోపలి మిషన్ విప్పి, శుభ్రం చేసి, ఆయిల్ వేసి, నీళ్లు చొరకుండా ఉండే రబ్బరు రింగులు మార్చి పరీక్షించే పనికి. ఒమేగాకి సాధారణంగా ఐదు నుంచి ఎనిమిదేళ్లకోసారి ఈ సర్వీసు కావాలి. అంటే మీకు వేళ దగ్గరపడింది, కానీ గీతలు చూసి పరుగెత్తక్కర్లేదు. వారం రోజులు ఫోన్ టైముతో పోల్చి రాసుకోండి. డయల్ మీద మాస్టర్ క్రోనోమీటర్ (టైము కచ్చితత్వానికి ఇచ్చే సర్టిఫికెట్) అని ఉంటే, రోజుకి ఐదు సెకన్ల లోపు ముందుకి వెళ్లడం దాని ప్రమాణం. అలాగే నడుస్తుంటే ఇప్పుడే ఇవ్వక్కర్లేదు. సముద్రంలోకి వాచీతో దిగే అలవాటుంటే మాత్రం ఏడాదికోసారి నీటి పరీక్ష చేయించండి. లోపల తేమ చేరితే అసలు నష్టం అప్పుడు మొదలవుతుంది.

సర్వీసు డబ్బు ఒక్కసారిగా తీయాలంటే ఎవరికైనా కష్టమే. నెలకి వెయ్యి చొప్పున బ్యాంకులో ఒక ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) మొదలుపెట్టండి. ఆరేళ్లకి అసలే 72 వేలు, వడ్డీ అదనం. ఈసారి సర్వీసుకి అది అందదు, వచ్చేసారికి అందుతుంది. ఈ ఖరీదు వాచీ ఉన్నవాళ్లకి ఇది బండి ఇన్సూరెన్స్ లాంటి ఖర్చే, తప్పదు.

మీ బావమరిది సలహా గురించి. సొంత నాన్న పెట్టిన వాచీని అమ్మమంటున్నాడంటే ధైర్యవంతుడే! లెక్క చూడండి. రెండున్నర పోను ఎనిమిదిన్నర లక్షలు. 14 శాతం వడ్డీకి మూడేళ్లు అనుకుంటే నెలకి సుమారు 29 వేలు, వడ్డీయే దాదాపు లక్షా 96 వేలు. క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే ఆ వడ్డీ మీద జీఎస్టీ కూడా పడుతుంది. 2025 ఏప్రిల్ 22 నుంచి పది లక్షలు దాటిన వాచీకి షాపువాళ్లు 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా పట్టే ఆదాయపు పన్ను) వసూలు చేస్తున్నారు. పదకొండు లక్షలకి అది 11 వేలు. ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ ఆ రోజు జేబులోంచి పోవాల్సిందే. ఇంటి లోను ఉండగా ఈ పని వద్దే వద్దు. కొత్తదాని లాకు మీదా మొదటి వారంలోనే గీత పడుతుంది. పదకొండు లక్షలదని ల్యాప్‌టాప్ అంచు పక్కకి తప్పుకోదు కదా.

ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే ఒక మాట: స్టీలు వాచీ సొంత వాడకం వస్తువు, దాని మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను (ఆస్తి అమ్మితే వచ్చే లాభం మీద పన్ను) ఉండదు. నష్టమొస్తే చూపించుకోవడానికీ ఉండదు. బంగారు కేసుదైతే ఆభరణం కింద లెక్కేసే అవకాశం ఉంది. డబ్బా, వారంటీ కార్డు, బిల్లు బీరువాలో భద్రంగా పెట్టండి. హోమ్ ఇన్సూరెన్స్‌లో వాచీని విలువైన వస్తువుగా చేర్పించుకోవచ్చు. దొంగతనానికి పనికొస్తుంది గానీ, గీతలకీ అరుగుదలకీ సాధారణంగా క్లెయిమ్ ఇవ్వరు.

సర్వీసుకి ఇచ్చే రోజు వాచీని అన్ని వైపులా ఫొటోలు తీసి ఇవ్వండి. కంపెనీ సర్వీసులో పాలిష్ కూడా కలిపి చేసేస్తుంటారు, అందుకని సర్వీసు సెంటర్‌వాళ్లు పని వివరాలు రాసే జాబ్ కార్డు మీద ‘పాలిష్ వద్దు’ అని మీ కళ్లముందే రాయించండి. ఈలోగా ఆ కడియం రెండో చేతికి మార్చండి.