అడుగున పేరు చెరిపేసిన కారు నకిలీదని పారేయకండి

జగిత్యాల నుంచి మీరు అడిగిన ప్రశ్న చూశాను. దుబాయ్‌లో పనిచేసి వచ్చిన మీ పెదనాన్న ట్రంకు పెట్టెలో మూడు ఇనుప బొమ్మ కార్లు దొరికాయన్నారు. ఒకటి ఎర్ర డబుల్ డెక్కర్ బస్సు, అడుగున లెస్నీ, ఇంగ్లండ్, 1972 అని ఉంది. రెండోది మలేషియా అని రాసి ఉన్న హాట్ వీల్స్. మూడోది కొంచెం పెద్ద మెర్సిడెస్, అడుగున పేరు గీకేసినట్టుంది, ఇండియా అని మాత్రం కనిపిస్తోంది. అది నకిలీదేమోనని మీ అనుమానం. పాత సామాన్లు కొనే ఆయన మూడింటికీ కలిపి రెండు వేలు ఇస్తానంటున్నాడు. చిరిగిన స్టిక్కర్ తీసేసి కొత్తగా రంగు వేయిస్తే ఇంకాస్త వస్తుందా అని అడిగారు.

రంగు వేయించకండి. స్టిక్కర్ ముట్టుకోకండి. ఇప్పుడే అమ్మకండి. నేను హన్మకొండలో ఉంటాను, పదిహేనేళ్లుగా ఈ కార్లు పోగుచేస్తున్నాను. ఈ మూడు మాటలూ చేతులు కాల్చుకున్నాక నేర్చుకున్నవే.

మీరు నకిలీ అనుకుంటున్న మూడో కారు గురించే ముందు చెప్తాను, నా మనసు అక్కడే ఆగింది. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో మెకానో కంపెనీ డింకీ టాయ్స్ తయారుచేసేది. 1934లో ఆ పేరు పెట్టారు, 1979లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. మధ్యలో, 1960ల చివర్లో, తమకు పని తీరిన కొన్ని అచ్చులు కలకత్తాకు వచ్చాయి. ఆ అచ్చులతోనే ఇక్కడ నిక్కీ టాయ్స్ పేరుతో కార్లు పోశారు. డింకీ పేరు వాడుకోకూడదు కాబట్టి అడుగున ఉన్న ఆ అక్షరాలు చెరిపేశారు. మీకు గీకినట్టు కనిపించేది అదే అయ్యుండొచ్చు. నిక్కీలో మెర్సిడెస్ 220 ఎస్‌ఈ ఉంది, ఫోక్స్‌వ్యాగన్ 1500 ఉంది. డింకీ వాళ్ల అట్లాస్ వ్యాన్ అచ్చుకు మన దేశపు బండి పేరు పెట్టి స్టాండర్డ్ 20 మినీ బస్సు అని కూడా చేశారు. ఆ బస్సు కోసం నేను ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను.

మా మేనమామ కాజీపేట లోకో షెడ్‌లో పనిచేసేవారు. ఒకసారి కలకత్తా వెళ్లినప్పుడు నాకోసం తెచ్చింది నిక్కీ ఫోక్స్‌వ్యాగనే. అప్పటికి ఆ పేరుకు విలువ ఉందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంటర్‌లో ఉండగా దసరాకు ఇల్లు సర్దుతుంటే బయటపడింది. రంగు పెచ్చులూడి ఉందని కిటికీలకు వేయగా మిగిలిన ఎనామిల్ పెయింట్ రెండు పూతలు పూశాను. ఆరాక చూస్తే తలుపు చుట్టూ ఉండే సన్నటి గీతలు పూడిపోయాయి, ముందు దీపాలు ఉబ్బిపోయాయి, అడుగున అక్షరాలు సగం మునిగిపోయాయి. ఇన్నేళ్ల తర్వాత పెయింట్ రిమూవర్‌తో ఆ రంగు తీస్తే దానితోపాటు ఫ్యాక్టరీ రంగూ పోయింది. ఇప్పుడు నా దగ్గర ఉన్నది బోడి లోహం. పేరు చెరిపిన చోట వేలు పెడితే మాత్రం ఆ గరుకు ఇంకా తగులుతుంది. మామయ్య లేరు, ఆయన చేతుల్లోంచి తీసుకున్నప్పుడు అది ఏ రంగులో ఉందో చూపించడానికి ఒక ఫోటో కూడా లేదు.

ఇక బస్సు. ఎరుపు రంగు, అడుగున 17 అంకె, ది లండనర్ అని ఉంటే అది మ్యాచ్‌బాక్స్. లెస్నీ కంపెనీ 1953లో మ్యాచ్‌బాక్స్ పేరుతో చిన్న కార్లు మొదలుపెట్టింది. లెస్నీ భాగస్వాముల్లో ఒకరైన జాక్ ఓడెల్ కూతురు చదివే బడిలో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలనే తేనిచ్చేవారట, అందుకని ఆయన ఒక చిన్న రోడ్డు రోలర్ చేసిచ్చారు, పేరు అలా వచ్చింది. అడుగున 1972 ఉంది కాబట్టి మీ బస్సు ఆ ఏడాదిదే అనుకోకండి. అది ఆ అచ్చు పుట్టిన సంవత్సరం. అదే అచ్చుతో తర్వాత ఎన్నో ఏళ్లు పోశారు, అడుగున అంకె మారలేదు. మారింది పక్కనున్న ప్రకటన స్టిక్కరే. బెర్జర్ పెయింట్స్ స్టిక్కర్ ఎక్కువగా కనిపిస్తుంది. అరుదైన ప్రకటన అయితే విలువ మొత్తం దానిదే. చిరిగినా సరే, ఆ కాగితం ముక్క బస్సు మీదే ఉండాలి.

ఇక హాట్ వీల్స్. అమెరికా కంపెనీ మ్యాటెల్ 1968లో ఈ కార్లు తెచ్చింది. సన్నటి ఇరుసుల మీద అవి జర్రున దూసుకెళ్లేసరికి పిల్లలంతా వాటి వెనక పడ్డారు, లెస్నీ కూడా 1969లో అలాగే దూసుకెళ్లే సూపర్‌ఫాస్ట్ చక్రాలకు మారక తప్పలేదు. మొదట్లో హాట్ వీల్స్ చక్రం మీద సన్నటి ఎర్ర గీత గుండ్రంగా ఉండేది, 1977 వరకే. జనం ప్రాణం పెట్టేది ఆ ఎర్ర గీత కార్ల మీదే. మలేషియా అని ఉన్నవి ఆ తర్వాత కాలానివి. ఆ కారును పెదనాన్న గుర్తుగా దాచుకోండి, దాని ధర గురించి టెన్షన్ పడొద్దు.

మన జిల్లాల్లో ఇళ్లల్లో దొరికేవి ఎక్కువగా ఇలాంటివే. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు పెట్టెలో సెంట్లు, సబ్బుల మధ్య పిల్లలకని తెచ్చినవి. నాకు మంచివి దొరికింది హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం అంగడిలో కన్నా కాజీపేట రైల్వే క్వార్టర్లు ఖాళీ చేసే కుటుంబాల దగ్గరే. వాళ్లను నేనెప్పుడూ తొందరపెట్టలేదు, ఏ కారు ఏమిటో చెప్పాకే ధర మాట్లాడాను. మీ దగ్గరకు వచ్చినాయన ఏమీ చెప్పకుండా రెండు వేలు అంటున్నాడంటే ఆయన ఏం చూసి అంటున్నాడో అడగండి.

ఇంట్లోనే చేసుకోగలిగే పరీక్షలు ఒకటి రెండున్నాయి. ఇనుప కార్లు అంటాం గానీ ఇవి జింక్ మిశ్రమం కరిగించి అచ్చులో పోసినవి. అయస్కాంతం పెడితే బాడీకి అంటదు, ఇరుసుకు అంటుతుంది. బాడీకి కూడా అంటితే అది రేకు బొమ్మ. తర్వాత కారు తిప్పి అడుగున ఉన్న రివెట్టు చూడండి. మామూలుగా బాడీకి రంగు వేశాకే కింది పలక బిగించి రివెట్టు కొడతారు, కాబట్టి దాని తల లోహం మెరుపుతో ఉంటుంది. తల మీద రంగు కనిపించినా, మధ్యలో డ్రిల్ చేసిన గుంట ఉన్నా, రివెట్టు బదులు కొత్త స్క్రూ ఉన్నా ఎవరో విప్పి మళ్లీ రంగు వేశారని అనుకోవచ్చు.

శుభ్రం చేయాలనిపిస్తే మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి, చాలు. ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండో నిమ్మచెక్కో పెట్టొద్దు, పులుపు జింక్‌ను తినేస్తుంది. నీళ్లలో నానబెడితే ఇరుసు తుప్పు పడుతుంది, స్టిక్కర్ లేచిపోతుంది. అట్ట డబ్బా ఉందేమో ట్రంకు అడుగున కూడా వెతకండి, నలిగిపోయినదైనా పర్వాలేదు. డబ్బాతో ఉన్న కారుకు, లేని కారుకు ధరలో చాలా తేడా ఉంటుంది.

మెర్సిడెస్‌ను బోర్లించి, పొద్దున కిటికీ పక్కన ఏటవాలు వెలుతురులో అడుగు భాగం ఫోటో తీసి పెట్టండి. రివెట్టు తలలు, పేరు చెరిపిన చోటు రెండూ కనిపించాలి. ఫ్లాష్ వేస్తే గీతలు కనిపించవు. అమ్మే సంగతి తేలేదాకా మూడింటినీ విడివిడిగా పాత నూలు గుడ్డలో చుట్టి ఉంచండి, ఒకదానికొకటి రాసుకుంటే ఉన్న రంగూ పోతుంది.