జీరో యూరో నోట్లు: బొమ్మ ఒకటే అయినా ధరలో అంత తేడా ఎందుకు?

జీరో యూరో నోటు అంటే డబ్బుగా చెల్లని, జ్ఞాపికగా అమ్మే నోటు. ఒకే కట్టడం బొమ్మ ఉన్న ఈ నోటు టూరిస్టు కౌంటర్లో రెండు మూడు యూరోలకే దొరుకుతుంటే, ఆన్‌లైన్లో కొందరు అంతకు ఎన్నో రెట్లు చెబుతున్నారేమిటని అడిగారు. తేడా బొమ్మలో కాదు, ముందువైపున్న కోడ్‌లో ఉంటుంది. నాలుగు అక్షరాలు, ఏడాది, చివర ఒక అంకె. మొదటి అక్షరం యూ అయితే ఫ్రాన్స్, ఎక్స్ అయితే జర్మనీ. నాలుగూ కలిస్తే ఆ నోటు ఏ చోటిదో తెలుస్తుంది. చివరి అంకె అది అక్కడ వచ్చిన ఎన్నో డిజైనో చెబుతుంది. బొమ్మ మారకుండా ఏడాది మారినా సేకరించేవాళ్లకు అది వేరే నోటే. అందుకే జాబితాను ఊరి పేరుతో కాకుండా కోడ్‌తో రాసుకోండి.

కొత్త నోటుకు ఎగబడి కొనకండి. కార్ల్ మార్క్స్ 200వ జయంతికి 2018లో ఆయన పుట్టిన జర్మనీలోని ట్రియర్ నగరం 3 యూరోలకు అమ్మిన నోటు తొలి విడత 5000 చూస్తుండగానే అయిపోయింది, వెంటనే మళ్లీ ముద్రించారు.

ఈ నోట్లు 2015లో ఫ్రాన్స్‌లో మొదలయ్యాయి. అసలు యూరోలు ముద్రించే ఒబెర్తూర్ ఫిడ్యూసియేర్ ప్రెస్‌లోనే అచ్చవుతాయి కాబట్టి వాటర్‌మార్క్, సెక్యూరిటీ దారం, హోలోగ్రామ్ అన్నీ ఉంటాయి. యూవీ టార్చ్ వేసి చూడండి. కాగితం మొత్తం నీలంగా వెలిగితే అది మామూలు కాగితం మీద తీసిన నకలు. అసలు నోటులో ముద్రణలోని కొన్ని భాగాలే వెలుగుతాయి.

నోట్లు ఎక్కువగా పాడయ్యేది కవర్ల వల్లే. నోటు కొలత 135 × 74 మిల్లీమీటర్లు. ఆల్బమ్ అర ఎత్తు సరిగ్గా 74 ఉంటే దోపేటప్పుడే అంచు మడత పడుతుంది, కనీసం 78 ఉండాలి. పీవీసీ కవర్లు అసలు వద్దు. ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే రసాయనం కొన్నేళ్లకు బయటికొచ్చి జిగటగా నోటుకు అంటుకుంటుంది, తీయబోతే రంగు కూడా లేచి వస్తుంది. పాలీప్రొపిలీన్ గానీ పాలిస్టర్ గానీ తీసుకోండి. లామినేషన్ చేయించారంటే ఆ నోటుకు ఇక సేకరణ విలువ ఉండదు. ప్రయాణంలో పర్సులో పెట్టకుండా గట్టి అట్ట పుస్తకంలో పెట్టుకోండి.

ఆన్‌లైన్లో కొనేటప్పుడు స్కాన్ ఒక్కటే చూసి డబ్బు పంపొద్దు. స్కానర్ అద్దం నోటును చదునుగా నొక్కేస్తుంది, మధ్య మడత కనబడదు. పక్కనుంచి ఏటవాలుగా లైటు వేసి తీసిన ఫొటో, సీరియల్ నంబర్ స్పష్టంగా కనబడేలా అడగండి.