సంతకం పెట్టేదెవరో ముందు కనుక్కో

అమ్మలూ,

వాతావరణ మార్పు మీద ఇన్ని ర్యాలీలు చేసినా ఒక్కడూ కదల్లేదని రాశావు. ర్యాలీలు మానమని చెప్పను గానీ, నువ్వు పంపిన ఫొటోల్లో ప్లకార్డులు చూశాను. ‘భూమిని కాపాడండి’ అని ఉంది. ఎవరు కాపాడాలి? ఏం చేసి? ఎప్పటిలోగా? ఆ ప్లకార్డు పట్టుకోవడానికి ఏ మంత్రికీ అభ్యంతరం ఉండదు. మీ పక్కనే నిలబడి ఫొటో దిగి వెళ్లిపోతాడు.

ఏదైనా ఒక్క పని పట్టుకోండి. ఒక బొగ్గు ప్లాంటు విస్తరణో, ఒక చట్టానికి సవరణో. అనుమతి ఇచ్చేది ఎవరు, అప్పు ఇస్తున్న బ్యాంకు ఏది, అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువు ఎప్పుడు? ఈ మూడూ తేలేదాకా రంగు డబ్బా మూత తీయొద్దు. బోరు కొట్టే పనే. అందుకే ఎవరూ చేయరు.

ఎక్కడ అడగాలో తెలుసుకోవడం ఎంత ముఖ్యమో పసిఫిక్ దీవుల లా విద్యార్థులను చూడు. ఏటా జరిగే వాతావరణ సదస్సుల్లో ఏకాభిప్రాయం లేనిదే ఏదీ సాగదు. చమురు అమ్ముకునే నాలుగు దేశాలు మొండికేస్తే చాలు, తీర్మానం పలచబడిపోతుంది. 2019లో ఆ పిల్లలు వేరే దారి పట్టారు. అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం అడిగించాలనుకున్నారు. అలా అడిగే హక్కు ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభకు ఉంది. అక్కడ వీటో లేదు. మూడు లక్షల పైచిలుకు జనం ఉన్న పసిఫిక్ దీవుల దేశం వనువాటుకూ ఒక ఓటే, అమెరికాకూ ఒక ఓటే. వనువాటు ప్రభుత్వం ఆ మాటను భుజానికెత్తుకుని మిగతా దేశాలను కూడగట్టింది. 2023 మార్చిలో తీర్మానం నెగ్గింది, 2025 జులైలో కోర్టు అభిప్రాయం వచ్చింది. వాతావరణాన్ని కాపాడడం దేశాల చట్టబద్ధ బాధ్యత, తప్పితే నష్టపరిహారం దాకా వెళ్లవచ్చు అంది. అది సలహాయే, ఎవరి మెడా వంచదు. కానీ ఇకపై ఏ దేశపు లాయరైనా జడ్జి ముందు పెట్టగల కాగితం అది.

‘అంత టైం లేదు, గట్టి ప్రభుత్వం ఉంటే ఒక్క ఆర్డరుతో అయిపోతుంది’ అంటున్నాడట మీ మిత్రుడు. అతనికి 2018 నాటి ఫ్రాన్స్ సంగతి చెప్పు. వాతావరణాన్ని కాపాడడానికంటూ ఇంధనం మీద పన్ను పెంచబోయారు. అంతకు ముందే డబ్బున్నవాళ్ల సంపద పన్నును చాలావరకు ఎత్తేసి ఉన్నారు. కారు లేనిదే పనికి వెళ్లలేని జనం పసుపు జాకెట్లు వేసుకుని రోడ్లెక్కారు. డిసెంబరుకల్లా పెంపు వెనక్కి పోయింది. ఆ తర్వాత గానీ, లాటరీ తీసి 150 మంది మామూలు పౌరులను కూర్చోబెట్టి ఏం చేయాలో అడగాలని తోచలేదు. వాళ్లు చెప్పినవాటిలో ఎన్నింటిని అమలు చేశారన్నది మరో గోడు.

డబ్బు లెక్కల దగ్గర మాత్రం కళ్లు పెద్దవి చేసుకుని చదువు. వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి 2020 నాటికి పేద దేశాలకు ఏటా 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామని సంపన్న దేశాలు 2009లో కోపెన్‌హేగన్‌లో మాటిచ్చాయి. అది తీరింది 2022లో. తీరా చూస్తే ఆ ఏడాది ప్రభుత్వాల నుంచి వచ్చిన సొమ్ములో మూడింట రెండొంతులు అప్పులే. ఇల్లు తగలబెట్టినవాడే కట్టుకోమని వడ్డీకి ఇచ్చినట్టు! ఎవరు ఏ అంకె చెప్పినా రెండు ప్రశ్నలు వేయి: ఇది అప్పా, గ్రాంటా? కొత్త డబ్బా, పాత సాయానికే కొత్త పేరా?

ఇక మీ మీటింగుల సంగతి. నాకు అసలు బాధ అక్కడే. ముంపులో ఇల్లు పోయినావిడను వేదిక ఎక్కించి, ఆవిడ కన్నీళ్లు పెట్టుకోగానే మైకు తీసుకుని, మిగతా రెండు గంటలూ మీరే మాట్లాడుతున్నారు. డిమాండు రాసేటప్పుడు ఆవిడ ఉండాలి, ప్రెస్ మీట్‌కు కాదు. ఆవిడకు పని మానుకోనవసరం లేని టైంలో మీటింగు పెట్టండి, పిల్లలను చూసుకోవడానికి ఒకరిని ఏర్పాటు చేయండి, ఆవిడ భాషలో మాట్లాడండి. ఆవిడకు మీటింగులో ఓటు ఉందా? లేకపోతే ముందు అది ఇవ్వండి. ఆవిడ అడిగేది మీకు చప్పగా అనిపించవచ్చు. మీరు కర్బన ఉద్గారాలంటారు, ఆవిడ ఇంటి పట్టా అంటుంది. పట్టాయే మొదటి డిమాండుగా పెట్టండి.

మీటింగు అయ్యాక నిర్ణయం ఏమిటో, ఎవరు ఎప్పటిలోగా చేయాలో, ఎవరు ఎందుకు ఒప్పుకోలేదో రాసి అందరికీ పంపండి. ఖర్చుల లెక్క కూడా. మీడియాతో ప్రతిసారీ ఒకే కుర్రాడు మాట్లాడడం మాన్పించు. పాపం మంచివాడే, కానీ అతను లేకపోతే మీ సంఘం మూగబోతోంది.

అరెస్టులయ్యే కార్యక్రమమైతే ఎవరి ఇష్టం వాళ్లది, మొహమాటపెట్టొద్దు. వీసా మీద ఉన్నవాళ్లకూ నీకూ రిస్కు ఒకటి కాదు. లాయరు నంబరు ఫోన్‌లో కాదు, చేతి మీద పెన్నుతో రాసుకోండి. ఫోన్ లాక్కుంటారు.

డిమాండు పత్రం డ్రాఫ్టు అయ్యాక నాకు పంపు. ఒక పేజీ దాటితే చదవను.

ఆశీస్సులతో,
పెదనాన్న